నలభై ఒకటో అరలో ఎవరు?

ఆ ఆసుపత్రి కంప్యూటర్ గదిలో నలభై ఒకటో అర మంచిది కాదని అందరూ అనేవారు. అదేమీ చెక్క అర కాదు. యంత్రం లోపల రోగుల వివరాలు దాచే నాలుగొందల అరల్లో ఒకటి. ఎప్పుడో చనిపోయినవాళ్ళ వివరాలన్నీ అందులోనే. దాన్ని తెరిచే పని ఎవరికీ ఉండదు.

"దెయ్యాలా? నా దగ్గరా?" అనేవాడు రాత్రి ఆపరేటరు పెద్దాయన, మీసం మెలితిప్పి.

అక్కర్లేదని కొట్టేసిన పాత వివరాలను రోజూ అర్ధరాత్రి యంత్రం చేత ఊడ్పించడం ఆయన పని. అన్ని అరలూ ఊడ్చేసరికి బాగా పొద్దెక్కేది. అప్పటిదాకా కింద చీటీల కిటికీలో యంత్రం నత్తనడక. రోగులు వరసలో నిలబడి మూలిగేవారు.

"ఈ వారంలో బాగుపడకపోతే నిన్ను గేటు దగ్గర కూర్చోబెడతా" అన్నాడు సూపరింటెండెంటు.

అక్కడే పగటిపూట ప్రోగ్రాములు రాసే పెద్దాయన అన్నకూతురు ఉపాయం చేసింది.

"ఊడ్చినదాన్నే మళ్ళీ ఊడ్వడం ఎందుకు బాబాయ్? శుభ్రమైన అరకు యంత్రమే గుర్తు పెడుతుంది. అందులో ఎవరైనా ఒక్క ముక్క రాస్తే ఆ గుర్తు దానంతటదే పోతుంది. గుర్తున్నవి దాటేస్తే సరి."

దాటేశారు. గంటలో అయిపోవాలి... కాలేదు.

నలభై ఒకటికి గుర్తు లేదు! అన్నిటికంటే పెద్ద అర — తెల్లారిందాకా దాన్నే ఊడ్చింది యంత్రం. చివర గుర్తు పడింది. మర్నాడు అర్ధరాత్రికి... మళ్ళీ మాయం.

మూడో రాత్రీ అంతే. నాలుగో రాత్రీ అంతే. పరువు పోతుందని పెద్దాయన ఎవరితోనూ అనలేదు. మీసం మీదికి మాత్రం చెయ్యి పోలేదు.

గడువుకు ఆఖరి రాత్రి ఇక ఆగలేక అన్నకూతురిని పిలిపించాడు. పావు తక్కువ పన్నెండుకు వచ్చింది.

గుర్తు అప్పటికే లేదు...

"లోపల ఎవరో రాస్తున్నారే..." గుసగుసలాడాడు. చల్లటి గదిలో చెమటలు.

"ఎవరు రాసినా పేరు పడుతుంది. ఉండు."

మీటలు నొక్కింది. తెర చూసి — నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బాబాయ్... ఈ దెయ్యానికి మీసం ఉంది."

ఐదు రాత్రులూ, సరిగ్గా పదకొండు నలభైకి, ఆయన పేరే. పక్కన ఆయన మాటే: "చూశాను. శుభ్రంగా ఉంది."

యంత్రం గుర్తును నమ్మలేక, ఆ ఒక్క అరా భయంభయంగా తెరిచి, చూసినట్టు రాసి మూసేవాడు. ఆ ముక్కకే గుర్తు చెరిగేది.

"నేను రాసినా గుర్తు పోతుందని ముందే చెప్పొద్దుటే?"

"దెయ్యాలు లేవన్న మనిషికి ఏం చెప్పను?"

ఆ ముక్క తీసేసి, గుర్తు తానే పెట్టింది. ఒంటిగంటకల్లా పని ముగిసింది. కుర్చీ దక్కింది.

తెల్లారిందాకా పెద్దాయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకునే కూర్చున్నాడు.