కాటా మలుపు దగ్గర రెండు హారన్లు

జగదల్‌పూర్ నుంచి గీదం వచ్చే ఘాటు రోడ్డులో కాటా మలుపని ఒకటుంది. చీకటి పడ్డాక అక్కడ బండి ఆపినవాడు తెల్లారి టీ తాగలేదని చెప్పుకుంటారు.

ఇనుపరాయి లారీల్ని తూచడానికి ఎవరో కంట్రాక్టరు ఒకప్పుడు అక్కడ కాటా పెట్టాడు. లాంతరు ఊపి లారీల్ని ఆపి లెక్క రాసుకునే మునిషీ ఒకడుండేవాడు. ఓ వర్షాకాలం రాత్రి బ్రేకులు పోయిన లారీ ఒకటొచ్చింది. ఇతను ఆగమని లాంతరు ఊపుతూనే ఉన్నాడట... అది ఆగలేదు. తర్వాత కాటా ఎత్తేశారు. గది మిగిలింది. తలుపులు పోయాయి, పైకప్పు పోయింది — లాంతరు మాత్రం పోలేదు.

అందుకని మా డ్రైవర్లందరికీ ఒక కట్టుబాటు. మలుపు రాగానే రెండు హారన్లు. ముట్టించని బీడీ ఒకటి కిటికీలోంచి విసరాలి, మునిషీకి. దీపం ఊగినా, ఎవరో పిలిచినా తలెత్తకూడదు. బ్రేకు మీద కాలు పెట్టకూడదు.

నేను ముప్ఫై ఏళ్ళు లారీ తోలాను. ఒక్కసారీ తప్పలేదు. కాకపోతే బీడీ విరిచి సగమే వేసేవాణ్ణి. మిగతా సగం నాకుండాలి కదండీ!

సరే, అసలు సంగతికి వస్తాను. గనుల్లో రాత్రీ పగలూ పని నడిచే రోజులు. భూషణమని బచేలిలో నా దోస్తు. కుంట పట్నం దగ్గరి ఊరివాడు, సొంత లారీ. వాడి భార్య నాగేశ్వరమ్మ నన్ను అన్నా అని పిలిచేది, కాబట్టి వాడికి నేను బావని. మాది విజయనగరం వైపు. వాళ్ళకీ నాకూ ఏ చుట్టరికమూ లేదు, తెలుగు మాట తప్ప.

పెళ్ళయి పదహారేళ్ళు వాళ్ళకి. పిల్లలు లేరు. వాడేమో లోడింగు లైన్లో మూడేసి రోజులు పడిగాపులు. ఓ రోజు కంచం ముందు పెట్టి తేల్చేసిందావిడ —

"చిత్రకోట్ జలపాతం చూపిస్తనని పెండ్లినాడు చెప్పినవ్. ఇగ చూపియ్యి. నేను లారీల వస్త."

"క్యాబిన్ల యాడ పంటవే?"

"మీద పంట. లారీ నెత్తి మీద డేరా ఎయ్యి."

అక్కణ్ణుంచి మొదలైందండీ డేరా వేట! నాకిట్లాంటివంటే మహా సరదా. రాయపూర్‌లో ఒక షాపులో రెడీమేడ్‌వి ఉన్నాయంటే ముగ్గురం వెళ్ళాం. పెట్టెలా మడిచి బండి మీద బిగిస్తారు, తెరిస్తే గొడుగులా విచ్చుకుంటుంది. దానికో నిచ్చెన కూడానూ. నాగేశ్వరమ్మ షాపులోనే చెప్పులు విడిచి అందులో పడుకుంది.

"ఏంది అన్నా ఇది, పాడెనా? పక్కకు తిరిగితే ఈయన ముక్కు నా చెవుల వడ్తది."

షాపువాడు ధర చెప్పాడు. భూషణం నిచ్చెన లేకుండానే రోడ్డు మీదికి దిగిపోయాడు.

పోనీ, లోడు మీద కప్పే టార్పాలినే కడదామంటే, ఎండకి లోపల రొట్టె కాలుతుంది. ఆఖరికి నేనే జగదల్‌పూర్‌లో చక్రధరరావుని పట్టాను. పెళ్ళి షామియానాలు కుట్టే మనిషి, మన కాకినాడాయన. ఇనప గొట్టాలతో చట్రం చేయించి, పైన మందపు గుడ్డ కుట్టిస్తే పదో వంతులో అయిపోతుందన్నాడు.

కొలతలు నాగేశ్వరమ్మవే. నేల మీద రెండు చాపలు పరిచింది. మధ్యలో జానెడు వదిలింది. "ఇది మంచినీళ్ళ చెంబుకు" అంది. కూర్చుంటే కొప్పు తగలకూడదంది. అంత విశాలమైన డేరా లారీ మీద నేనెక్కడా చూడలేదు.

ఇక రంగు. చక్రధరరావు దగ్గర ఆకుపచ్చ గుడ్డ చవగ్గా ఉంది, గట్టిది కూడానూ. భూషణం చెయ్యి వెయ్యబోతుంటే నేనే ఆపాను.

"ఆకుపచ్చ వద్దు బావా. అడవిలో ఆ రంగు చూస్తే పోలీసులు వాళ్ళనుకుంటారు, వాళ్ళు పోలీసులనుకుంటారు. తెల్లది తీసుకో. దూరం నుంచే మనుషులని తెలుస్తుంది."

తెల్లదే తీసుకున్నారు.

ఆ గుడ్డ నా లారీలోనే వేసుకుని తిరిగొచ్చాం. కాటా మలుపులో రెండు హారన్లు కొట్టి, బీడీ విరిచి విసిరాను. నాగేశ్వరమ్మ పడీపడీ నవ్వింది.

"దయ్యానికి సుత సగమేనా అన్నా? అందుకే పిసినారి అంటరు నిన్ను!" మళ్ళీ తనే అంది — "నీ హారను మాత్రం పెండ్లి బాజా లెక్క ఉన్నది. నిద్దర్ల విన్నా గుర్తువడ్త."

నిజమే. మూడు స్వరాల హారను నాది. ఆ దారిలో ఇంకెవరికీ లేదు.

డేరా బిగించడానికి పది రోజులు పట్టింది. మొదటి ప్రయాణం చిత్రకోట్‌కే అన్నారు. ఆదివారం సాయంత్రం బచేలిలో బయల్దేరతామని భూషణం ఫోన్ చేశాడు. నేను ముందు రోజే సరుకు దించడానికి జగదల్‌పూర్ వెళ్ళిపోయాను.

ఆదివారం రాత్రి తిరిగొస్తున్నాను. ఒంటరిగా. ఘాటెక్కేసరికి ఒంటిగంట. మంచు... ముందు రెండు బారల దూరం కనపడదు. ఈపాటికి మా చెల్లెలు నీళ్ళ చప్పుడు వింటూ పడుకుని ఉంటుందనుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

మలుపొచ్చింది.

తల వంచుకున్నాను. కానీ కన్ను ఊరుకోదు కదా. కుడివైపు, కాటా గది ముందు — మంచులో — గాలిలో నిలబడి ఉందొక తెల్లటి గది! లోపల వెలుగు. గోడంతా పాకుతున్న పెద్ద నీడ. పైన ఒక దీపం... అటూ ఇటూ... అటూ ఇటూ...

ఏదో అరుపు. ఇంజను రొదలో మాట తెలియలేదు.

రెండు హారన్లు కొట్టాను. సగం బీడీ విసిరాను.

చిత్రం వినండి — నా హారను మోగగానే ఆ దీపం ఊగడం ఆగింది. మెల్లగా... కిందికి దిగింది.

గేరు మార్చి కొట్టాను, గీదం దాకా వెనక్కి చూడలేదు.

తెల్లారి గీదంలో సుక్కి టీ కొట్టు దగ్గర నా చుట్టూ పదిమంది. "నా హారనుకి దడిసి లాంతరు దించేశాడురా మునిషీ!" అని చేతులూపుతూ చెప్తున్నాను. సుక్కి నోరు తెరుచుకుని వింటోంది. ఇంతలో ఘాటు దిగొచ్చిన లారీలోంచి హడ్మా అనే క్లీనరు దిగాడు. నా మాట మధ్యలోనే అన్నాడు —

"భూత్ కాదు దాదా. భూషణ్ భాయ్ బండి అది. క్లచ్ పోయింది. వాళ్ళ ఆడమనిషి..."

వాడి మాట పూర్తి కాకుండానే లారీ వెనక్కి తిప్పాను.

మలుపులో మంచు విడిపోయింది. వెలుతురులో చూస్తే ఏముంది — నేను ఏరిన గుడ్డ, నేను చెప్పిన రంగు. భూషణం లారీ చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. నాగేశ్వరమ్మ పైనే ఉంది, మొహం దాకా దుప్పటి కప్పి. కిందికి దించుదామన్నాను.

"ఉండనీ బావా. అంత జాగా కుట్టిచ్చుకున్నది గద."

మెల్లగా చెప్పాడు. క్లచ్ పోయాక భయపడింది వాడే. ఆవిడే, "మన ఇల్లు మన నెత్తినే ఉన్నది, ఏం దయ్యం? పొద్దుగాల మిస్త్రీని తెచ్చుకుందాం" అంది. రాత్రి పదింటికి కిందికి దిగింది. గది పక్కన గడ్డిలో కట్లపాము.

"గీదం ఆస్పత్రి గంట దూరం లేదు బావా. ఫోను కలువలే. ఎత్తుకుని ఎంత దూరం నడుస్త? రోడ్డుకు అడ్డం నిలవడ్డ. తప్పించుకుని పోయిండ్రు. మీదికెక్కి దీపం ఊపిన. ఒక్కలన్న చూస్తరని... పదకొండు లారీలు."

ఒళ్ళోని తువ్వాలు విప్పాడు. బీడీలు. ఇంకా మంచుకి తడిగా ఉన్నాయి.

"పది నిండువి" అన్నాడు.

పదకొండోది తీసి నా అరచేతిలో పెట్టాడు. సగం బీడీ.

తిడితే బాగుండేది. కొడితే ఇంకా బాగుండేది. వాడు డేరా వైపు చూస్తూ అన్నాడు —

"అప్పటికి మాట పడిపోతున్నది. నీ హారను వినంగనే కండ్లు తెరిచింది. 'మా అన్న వచ్చిండు. ఇగ దీపం దించు, నీ చెయ్యి నొస్తది' అన్నది."

తువ్వాలు మళ్ళీ మూట కట్టాడు.

"దించిన బావా."