తొవ్వల ఉన్నడు

"అక్క రాదట" అన్నాడు చిరంజీవి, ఫోను సోఫా మీద పడేసి.

మాలతి చేతిలో మడతపెడుతున్న చున్నీ అలాగే ఆగిపోయింది. హాల్లో సూట్‌కేసులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. భర్తదీ, కూతురు రవళిదీ మూసి తాళాలు వేయడం కూడా అయింది. మాలతిది మాత్రం నేల మీద నోరు తెరుచుకుని ఉంది. తెల్లవారితే అమెరికా ప్రయాణం.

"ఏమైందట?"

"మోకాళ్ళు నొస్తున్నయట. దోహా దాకా వచ్చి అన్ని దినాలు అమ్మ దగ్గర ఉండుడు తనతోటి కాదట. వీసా తీసి, టికెట్ పంపినంక ఇప్పుడు చెప్తుంది."

లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. ఆ గదిలో ఉన్నది చిరంజీవి తల్లి బాలవ్వ. గుండె బలహీనపడి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, చేయి పట్టుకుంటే గాని బాత్‌రూమ్ దాకా నడవలేని మనిషి. భర్త పోయాక కొడుకు దగ్గరికి, దోహాలో అల్ తుమామా పేటలోని ఈ ఇంటికి వచ్చి చేరింది. తాము లేని రోజుల్లో ఆమెను చూసుకోవడానికి ఆడబిడ్డ శకుంతల మెట్‌పల్లి నుంచి వస్తుందనే ధైర్యంతోనే ఇంత ఏర్పాటూ చేసుకున్నారు.

"మరి ఎట్ల?" అంది మాలతి.

"అన్నీ బుక్ అయినయ్. అక్కడ అంత పెద్ద బండి నడిపేది నేనూ, మనతోని వచ్చే రామమోహనే. నేను పోకుంటే మిగతా రెండు కుటుంబాల ప్రయాణం కూడ ఆగిపోతది..." అని, ఆ మాటను మధ్యలో వదిలేశాడు చిరంజీవి.

అలా అతను వదిలేసిన మాటల్ని పూర్తి చేయడం మాలతికి పెళ్ళయిన నాటినుంచీ అలవాటే. ఇప్పుడూ ఆమే పూర్తి చేసింది.

"మీరూ, రవళీ పోయి రాండ్రి. అత్తమ్మ దగ్గర నేనుంట."

"నువ్వు లేకుండ ఎట్ల మాలతీ?" అన్నాడు. మళ్ళీ అదే మాట అన్నాడు. ఆ తర్వాత అతనే వంగి, ఆమె సూట్‌కేసు మూత వేసి, గోడ వారగా జరిపాడు.

దోహాలో వాళ్ళకు తెలిసిన కుటుంబాలన్నిటికీ రెండేళ్ళుగా ఇదే పిచ్చి పట్టుకుంది. ఇదివరకు అమెరికా వెళ్ళడమంటే బంధువుల ఇంట్లో దిగి, పెద్ద పెద్ద భవనాల ముందు ఫోటోలు దిగి రావడమే. ఇప్పుడు విమానాల మీద అందరికీ మోజు తగ్గింది. వంటిల్లూ, పడకలూ ఉన్న ఇల్లులాంటి బండి అద్దెకు తీసుకుని, షికాగో దగ్గర బయల్దేరి, అవతలి సముద్రం కనబడేదాకా రోడ్డు మీదే పోవాలి... శుక్రవారం నలుగురు కలిస్తే ఇవే కబుర్లు. చిరంజీవికైతే ఆ కబుర్లు వింటుంటే కళ్ళు మెరిసేవి. ఈ దేశంలో ఎటు పోయినా కాసేపటికే సముద్రమో, సరిహద్దో అడ్డం వస్తుంది. ఇంటి నుంచి సైటుకు, సైటు నుంచి ఇంటికి ఒకటే రోడ్డు తిరిగీ తిరిగీ విసిగిపోయిన మనిషి. "నడుపుతుంటే ఇంకా రోడ్డు మిగిలే ఉండాలె. అసొంటి తొవ్వ జీవితంల ఒక్కసారన్న చూడాలె" అనేవాడు.

మాలతికి కొండలూ, ఎడారులూ చూడాలని అంతగా లేదు. ఆమె కోరిక వేరు. పెళ్ళయ్యాక ఎన్నో ఏళ్ళు అతను ఖతర్‌లో, ఆమె అత్తమామలతో ఊళ్ళో. సెలవు మీద వచ్చిన నెల రోజులూ చుట్టాలతోనే గడిచిపోయేవి. మొగుడూ పెళ్ళాలు పక్కపక్కన కూర్చుని చేసిన పెద్ద ప్రయాణమంటే, అతన్ని శంషాబాద్ విమానాశ్రయంలో దింపడానికి పోవడమే! దారి పొడుగునా ఆమె కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకునేది. తర్వాత తానూ దోహా వచ్చింది గానీ, అప్పటికి అతనికి డ్యూటీ, ఆమెకు వంటిల్లు, బడి, అత్తమ్మ మందులు... అందుకే ఈ ప్రయాణం అనుకున్నప్పటి నుంచీ ఆమె ఒకటే ఊహించుకునేది. ముందు సీట్లో అతని పక్కన కూర్చోవాలి. పొద్దంతా ఏదో ఒకటి మాట్లాడుకుంటూ పోవాలి. పొయ్యి ముట్టించే పని ఉండకూడదు. చివరికి ఎవరూ ఎవరినీ దింపి వెనక్కి రాకూడదు. ఇంత చిన్న కోరిక... అదీ ఆ సూట్‌కేసు మూతతో పాటే మూసుకుపోయింది.

మరునాడు వాళ్ళు వెళ్ళేటప్పుడు ఆమె విమానాశ్రయం దాకా కూడా పోలేకపోయింది. బాలవ్వను ఒక్కదాన్నే వదలడానికి లేదు.

"అందరు వొయిండ్రా?" అడిగింది బాలవ్వ, మాలతి గదిలోకి రాగానే.

"పోయిండ్రత్తమ్మా."

"నువ్వెందుకు ఉన్నవ్ మరి?"

"నాకు గంత దూరం తిరుగుడు ఇష్టం లేకుండె."

బాలవ్వ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది.  ఆ రోజు నుంచి ఆమె తీరు మారింది. దాహమైనా పిలవదు. మంచం పట్టె పట్టుకుని తనే లేవబోతుంది. మాలతి పరుగున వచ్చి పట్టుకుంటే, "నాతోని అయితది బిడ్డా" అంటూ ఆయాసపడుతుంది.

సాయంత్రాలు చిరంజీవి వీడియో కాల్ చేసేవాడు. అక్కడ అప్పుడే పొద్దు పొడిచేది. ఆకాశం దాకా సాగిపోయిన నల్లటి రోడ్డు, ఇరువైపులా ఎర్రమట్టి గుట్టలు. అతని గొంతులో ఎన్నడూ లేని హుషారు.

"ఒక్క మనిషి కనవడడేందిరా? గంత జాగ ఎవరిది?" అనేది బాలవ్వ. కొడుకు నవ్వేవాడు. ఆ నవ్వు చూసి మాలతీ నవ్వేది. ఫోను పెట్టేశాక ఇల్లు మరింత నిశ్శబ్దంగా అనిపించేది.

ఒక మధ్యాహ్నం మాలతి బియ్యం కడుగుతుంటే గదిలోంచి పిలుపు వచ్చింది.

"ఇయ్యాల వండకు బిడ్డా."

"ఆకలైతలేదా అత్తమ్మా?"

"అయితుంది. ఓటల్ నుంచి తెప్పియ్యి. అమెరికాల ఉన్నట్టే కూసో ఒక్క పూట. నువ్వూ రవళీ మాట్లాడుకునేటప్పుడు విన్న. పొయ్యి మొఖం చూడొద్దనుకున్నవట కదా." బాలవ్వ ఊపిరి కోసం ఆగింది. "మీ పెండ్లయిన కొత్తల కూడ గంతే. వాడు దుబాయ్ల, నువ్వు నా కాడ. ఇప్పుడు మళ్ళ నేనే అడ్డం పడ్డ."

దోహాలో ఇన్నాళ్ళు ఉన్నా ఆమెకు ఈ ఊరు దుబాయే. ఆ మాట ఎప్పుడు విన్నా మాలతికి నవ్వొచ్చేది. ఇవాళ రాలేదు.

"గట్లనకు అత్తమ్మా..."

ఇన్నేళ్ళలో తన మనసులో మాట ఇలా విని గుర్తుపెట్టుకున్నవాళ్ళు లేరు. హోటలు నుంచి వచ్చిన బిర్యానీ ఇద్దరూ మంచం మీదే పెట్టుకుని తిన్నారు. బాలవ్వ తిన్నది రెండు ముద్దలే. అయినా మాలతి తినడం పూర్తయ్యేదాకా అక్కడి నుంచి లేవనివ్వలేదు.

మరుసటి వారం ఒక ఉదయం బాలవ్వకు ఊపిరి అందలేదు. పెదవులు నీలంగా మారాయి. మాలతి అంబులెన్సుకు ఫోన్ చేసింది. ఆమె కంగారు గొంతు విని పక్కింటి జీనత్ పరుగెత్తుకొచ్చింది. కరీంనగర్ మనిషి. ఈ కాలనీలో మాలతికి తోడబుట్టినదాని లెక్క.

"ఫికర్ చెయ్యకు అక్కా, నేను నీతోని వస్త. మా ఇంటాయన ఫరీద్ సాబ్ కూడ డ్యూటీ నుంచి సీదా దవఖానకే వస్తడు" అంటూ భుజం పట్టుకుంది.

ఆసుపత్రిలో డాక్టరు మధ్యాహ్నానికి బయటికొచ్చాడు. "ఇప్పటికి నిలకడగానే ఉంది. కానీ గుండె చాలా అలసిపోయింది. కొడుకున్నాడన్నారుగా, పిలిపించుకుంటే మంచిది" అని చెప్పాడు.

చిరంజీవి ఫోన్ ఎత్తేసరికి సాయంత్రమైంది. బండి నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"అత్తమ్మను దవఖానల పెట్టిండ్రు. మీరు రాండ్రి" అంది మాలతి.

"అయ్యో... డాక్టర్ ఏమన్నడు? స్టేబుల్ అన్నడా?"

"ఇప్పటికైతే స్టేబుల్ అన్నడు. కానీ మిమ్మల్ని పిలిపియ్యుమన్నడు."

"స్టేబుల్ అన్నడు కదా. మాలతీ, మేము సరిగ్గ నడిమిట్ల ఉన్నం. ఎయిర్‌పోర్టుకు పోవాల్నంటే వెనక్కి పోవాలె. నాలుగొద్దులైతే సముద్రం కాడికి చేరుతం. అక్కడికెళ్ళి సీదా వచ్చేస్త."

పెళ్ళయ్యాక ఆమె అతన్ని ఎన్నడూ రమ్మని పిలవలేదు. మామ పోయినప్పుడు కూడా, "మీకు లీవు దొరికితేనే" అంది. రవళి పుట్టినప్పుడు, "నేను మంచిగనే ఉన్న" అంది. ఇవాళ అలా అనలేదు.

"నాలుగొద్దులు కాదు. ఇప్పుడే రాండ్రి. నేను రమ్మంటున్న."

అవతల కొద్దిసేపు టైర్ల చప్పుడే వినిపించింది.

"సరే, చూస్త. ఏమన్నుంటే మళ్ళ ఫోన్ చెయ్యి."

రెండో రోజు పొద్దున బాలవ్వకు మెలకువ వచ్చింది. ముఖం మీది మాస్కును వేలితో పక్కకు జరిపి, గదంతా కళ్ళతో వెతికింది.

"వాడేడి?"

మాలతి ఆ చల్లటి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏం చెప్పాలి? ఆ ముసలి ప్రాణానికి ఏ మాట చెబితే హాయిగా ఉంటుంది?

"తొవ్వల ఉన్నడత్తమ్మా" అంది.

అబద్ధం కాదది. బాలవ్వ ముఖం తేటబడింది.

"పైలంగ, మెల్లగ నడుపుమను" అంది.

అవే ఆఖరి మాటలు. మధ్యాహ్నం నమాజు చదువుకుని జీనత్ తిరిగి వచ్చేసరికి, మాలతి ఆ చేతిని ఇంకా అలాగే పట్టుకుని కూర్చుని ఉంది. కళ్ళలోంచి ధారలు కారుతున్నాయి.

అప్పుడు గానీ ఆ బండి ఆగలేదు. దగ్గరి ఊరికి చేరి, దొరికిన విమానాలు పట్టుకుని తండ్రీ కూతుళ్ళు దోహా వచ్చిపడ్డారు. ఈలోగా శవాన్ని ఊరికి పంపే కాగితాల కోసం ఫరీద్ సాబ్‌తో కలిసి ఆఫీసుల చుట్టూ తిరిగింది మాలతే. అడిగిన చోటల్లా సంతకం పెట్టింది.  చిరంజీవి గుమ్మంలోనే కూలబడి, చిన్నపిల్లాడిలా తల బాదుకుని ఏడ్చాడు.

ఆ ఏడుపులోనే శకుంతల ఫోను వచ్చింది. అందరికీ వినబడేలా స్పీకర్‌లో ఉంది.

"మా అమ్మను ఒంటిదాన్ని చేసి చంపుకున్నవ్ మాలతీ. నా తమ్మునికి గట్టిగ ఒక్క మాట చెప్తే రాకపోవునా వాడు? స్టేబుల్ ఉన్నదనే చెప్పిండ్రట వానికి. ఎయిర్‌పోర్టుల ఉండి వాడే ఏడ్చుకుంట చెప్పిండు. కొడుకు చేతి నీళ్ళు కూడ దక్కనియ్యకపోతివి కదనే..."

మాలతి భర్త వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు. ఆమెకు అర్థమైంది. తల్లిని పోగొట్టుకున్న మనిషి... ఈ బరువు కూడా ఎక్కడ మోస్తాడు? తన మీదే ఉండనీ అనుకుంది. ఇన్ని మోసినదానికి ఇదొక లెక్కా? కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది.

"అది అబద్ధం శకుంతలత్తా."

అన్నది రవళి. ప్రయాణపు బట్టలతోనే గోడకానుకుని నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఆ రోజు నేను డాడీ పక్క సీట్లనే ఉన్న. ఫోన్ స్పీకర్‌ల ఉండె. మమ్మీ రమ్మన్నది. ఇప్పుడే రాండ్రి, నేను రమ్మంటున్న అన్నది. నేను కూడ పోదాం డాడీ అన్న. డాడీ ఏం మాట్లాడకుండ బండి నడిపిండు."

"రవళీ, ఊకో బిడ్డా" అంది మాలతి.

 చిరంజీవి మెల్లగా లేచాడు. టేబుల్ మీది ఫోను చేతిలోకి తీసుకున్నాడు. 

"అక్కా... మాలతి పిలిచింది. నేనే రాలే."

 అవతలి నుంచి శకుంతల వెక్కిళ్ళు వినిపించాయి. రమ్మంటే తానూ రాని సంగతి ఆమెకు మాత్రం గుర్తుకు రాలేదా...

ఊళ్ళో కర్మకాండలు ముగిశాయి. పదిమంది ముందు చిరంజీవి భార్యను చూపించి, "మా అమ్మకు కొడుకు ఈమెనే" అన్నాడు. శకుంతల ఆమెను కౌగిలించుకుని ఏడ్చింది. మాలతి అందరికీ వడ్డించింది, అందరినీ ఓదార్చింది. ఆ మాటలు ఆమెకు ఊరటనే ఇచ్చాయి. కానీ అవి వినవలసిన మనిషి ఒకతె లేదు.

దోహా తిరిగి వచ్చిన కొన్నాళ్ళకు, ఒక శుక్రవారం సాయంత్రం చిరంజీవి ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు. రామమోహన్ వాళ్ళు మిగతా దారి పూర్తి చేసి, సముద్రం ఒడ్డున దిగిన ఫోటోలు పంపారు. అతను వాటిని తెరిచి కూడా చూడలేదు.

"వచ్చే ఏడు మనిద్దరమే పోదాం మాలతీ. ముందు సీట్ల నువ్వే కూసుందువు. ఎన్ని దినాలైనా సరే" అన్నాడు. 

మాలతి అతని జుట్టు వైపు చూసింది. ఈ కొద్ది రోజుల్లోనే ఎంత తెల్లబడిందో! జాలి వేసింది. కోపం ఉందేమోనని లోపల వెతుక్కుంది. ఉంది, కొంచెం. అది పోయేది కాదని కూడా తెలిసింది.

"నాకు అమెరికా వద్దు" అంది నెమ్మదిగా. "ఒక్కటే కావాలె. నేను రమ్మన్ననాడు రావాలె."

అతను తలూపాడు. ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. ఆ తలూపడంలో నిజమెంతో తెలియాలంటే ఆమె అతన్ని ఇంకోసారి పిలవాలి. అలా పిలవవలసిన రోజు రాకూడదని మనసులోనే మొక్కుకుంటూ, మాలతి ఆ చేతిని తీసేయకుండా అలాగే కూర్చుంది.