లూలువా మీద గడియ

"హమూర్ తాజాగా ఉందా?"

"హమూర్ అయిపోయింది. జుబైదీ ఉంది, ముల్లు తీసి ఇస్తాం."

సంకేతం సరిపోయింది. సాల్మియాలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ చేపల హోటల్లో, కౌంటర్ వెనక కూర్చున్న అయ్యప్ప మెనూ కార్డు కింద నుంచి ఒక ఫోటో జరిపాడు. బయటివాళ్లకు అతను హోటల్ మేనేజరు. ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకు మాత్రం కువైట్ స్టేషన్ చీఫ్.

"పేరు కాస్పర్," అన్నాడు అయ్యప్ప ఇంగ్లీషులో, గొంతు తగ్గించి. "ఏ దేశమో అడక్కు. పాస్‌పోర్టు మార్చినప్పుడల్లా మారుతుంది. మన సబ్‌మెరైన్ల సౌండ్ సిగ్నేచర్లు కొట్టేశాడు. నీళ్లలో ఏది ఎలా చప్పుడు చేస్తుందో చెప్పే డేటా. అది చేరాల్సిన చోటికి చేరితే మనవన్నీ పట్టపగలు రోడ్డు మీద నడిచినట్టే."

"ఎక్కడుంది?"

"వేలెడంత పెన్‌డ్రైవ్‌లో, ఈ ఊళ్లోనే. ఎయిర్‌పోర్టులో మనవాళ్లు కాపలా ఉన్నారని వాడికి తెలుసు. అందుకే సముద్రం. లాంగ్ రేంజ్ ట్రాలర్ యాట్, అదే, దూరాలు పోయే షికారు పడవ కొంటున్నాడు. కొనేముందు సర్వే చేసేవాడు కావాలన్నాడు."

"నేనా?"

"నువ్వే. ఏ పడవ కొంటాడో, ఎప్పుడు కదులుతాడో చెప్పు చాలు. నడిసముద్రంలో మన నేవీ షిప్ కాచుకుని ఉంటుంది. ఇంకో మాట. ఆ ముఠాలో మన మనిషి ఒకరున్నారు. ఎవరో నాకూ తెలీదు."

గూఢచారి అనగానే నల్లకళ్లద్దాలూ పేకాట క్లబ్బులూ ఊహించుకునేవాళ్లు, కౌంటర్ ముందు నిలబడ్డ దావూద్‌ని చూస్తే డీలా పడిపోతారు. నెత్తి మీద సగం జుట్టు, మోకాళ్ల దగ్గర డీజిల్ మరకలున్న ప్యాంటు, చేతిలో పడవల చెమ్మ కొలిచే మీటర్. ఆ మీటర్ లోపల ఒక ట్రాన్స్‌మిటర్ ఉందనుకోండి, అది వేరే సంగతి. కువైట్‌లో ఉండనిచ్చే అతని ఇఖామా కార్డులో పేరు అబ్బాస్, ఊరు ముంబయి, పని మెరైన్ సర్వేయర్. అసలు ఊరు రాయచోటి. చిన్నప్పుడు ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు. కలలొస్తే ఇప్పటికీ వీధి భాషలోనే వస్తాయి. కానీ ఆఫీసు పెట్టిన మొదటి రూల్, తెలుగు ముక్క నోట్లోంచి రాకూడదని. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. షువైఖ్ గ్యారేజీల దగ్గర కడప కుర్రాళ్లు పకపకా నవ్వుకుంటుంటే, ఆ జోకు తనకూ అర్థమైందని తెలియకుండా మొహం పక్కకు తిప్పుకోవడం అతనికి బాగా అలవాటైంది. అలవాటైందే గానీ తేలిక కాలేదు.

షువైఖ్ యార్డులో మూడు పడవలు ఒడ్డున స్టాండ్ల మీద నిలబెట్టి ఉన్నాయి. కాస్పర్ తెల్లటి దిష్‌దాషా అంగీ, తలకి గుత్రా గుడ్డ వేసుకుని అచ్చం కువైటీ ఇంటిపెద్దలా దిగాడు. వెంట అతని భార్యనంటూ మెహరాజ్. నల్ల అబాయా, ఖరీదైన అత్తరు, ఎదుటివాడి లెక్క తప్పించే కళ్లు. అందగత్తె అని చెప్పడం కంటే, ఆమె వచ్చాక యార్డులో ఒక్క సుత్తి దెబ్బ కూడా వినపడలేదని చెప్పడం మేలు.

"మెరిట్స్ చెప్పండి, మిస్టర్ అబ్బాస్," అంది మెహరాజ్ ఇంగ్లీషులో.

"ఇది దానా. ఉక్కు ఒళ్లు. రాయి తగిలినా సొట్ట పడుతుందే గానీ పగలదు. కానీ ఈ ఉప్పుకీ ఎండకీ తుప్పు. ఏడాది పొడుగునా గోకుతూ, రంగు వేస్తూనే ఉండాలి. అడుగున కీల్ దూలం లోతెక్కువ కాబట్టి మెరక నీళ్లలో జాగ్రత్త."

"అది?"

"నౌరా. రెండు ఇంజన్లు. ఒకటి ఆగినా రెండోది నడుస్తుంది. మూడింట్లో ఇదే వేగం. కానీ తాగుబోతు. హార్ముజ్ జలసంధి దాటగానే డీజిల్ కోసం ఏదో ఒక రేవు పట్టాల్సిందే."

"మరి ఈ మూడోది?"

దావూద్ చెయ్యి తెలియకుండానే ఆ పడవ పొట్ట మీదికి వెళ్లింది. "లూలువా. ఫైబర్ ఒళ్లు. ఒకటే ఇంజన్, నిదానం. పక్కలకు ఊగకుండా స్టెబిలైజర్లు. ఇంజన్ చప్పుడు లోపల కూర్చున్నవాళ్లకే సరిగ్గా వినపడదు. ఇక్కడ ట్యాంకు నింపితే ఆఫ్రికా తూర్పు తీరం దాకా ఎక్కడా ఆగక్కర్లేదు. పెద్ద ఇంజన్ మొరాయిస్తే వెనక వేరే గదిలో బుల్లి ఇంజన్ ఉంది. దానికి వేరే తాళం. ఈడ్చుకుంటూ అయినా ఇంటికి చేరుస్తుంది."

కాస్పర్ ఏ రేవులో ఆగాలో అడగలేదు, ఎలా ఆగకుండా ఉండాలో అడిగాడు. ట్యాంకు, చప్పుడు, రాడార్‌లో పడవ ఎంత కనిపిస్తుంది, ఇవే ప్రశ్నలు. దావూద్‌కి అప్పుడొక తెలివైన ఆలోచన వచ్చింది. వాళ్ల మొహాలు ఎలా మారతాయో చూద్దామని నవ్వుతూ ఒక రాయి వేశాడు.

"కువైట్‌లో ఏ ఫ్యామిలీ అయినా ముందు ఏసీ సంగతి అడుగుతుంది సార్. తర్వాత పనిమనిషి ఎక్కడ పడుకుంటుందని అడుగుతుంది. మీరు రెండూ అడగలేదు."

కాస్పర్ ఒక్క క్షణం ఆగి, గట్టిగా నవ్వాడు. "గుడ్ పాయింట్!"

ఆ నవ్వు విని దావూద్ తన తెలివికి తానే మురిసిపోయాడు. అదెంత పొరపాటో వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు తెలిసింది. ఆ రోజు వాళ్ల వెంట ఒక పనిమనిషి దిగింది. మరి పనిమనిషి లేకుండా షికారుకెళ్లే ఫ్యామిలీ ఉండదని, అలాంటి పడవని కోస్ట్‌గార్డు అనుమానిస్తుందని పాఠం చెప్పింది తనే కదా!

ఆమె పేరు సంజీవమ్మ. సబా అల్ సలేంలో కాస్పర్ అద్దెకు తీసుకున్న విల్లాకి కొత్తగా కుదిరింది. యజమానురాలని మెహరాజ్‌ని అక్కడి పద్ధతిలో "మామా" అంటుంది, దావూద్‌ని "సాబ్" అంటుంది. వచ్చీ రాని హిందీలో అంతకంటే మాటలుండవు. లూలువా వంటగది కడుగుతూ, ఫోన్ గోడకి ఆనించి చెల్లెలితో మాట్లాడింది. పక్కనే పలకలకు మీటర్ ఆనిస్తున్న దావూద్ చెవులు రిక్కించక్కర్లేదు. అది లక్కిరెడ్డిపల్లె మాట. తన వీధికి ఒక బస్సు దూరం.

"ఒసే ఎంకటేశ్వరీ, ఈడ పడవలు జూసే సాబొకడుండాడే. మూతి ముడ్సుకోని కూచ్చోనుంటాడు. పలకరిచ్చే దిక్కు లేనోని మాదిరుండాడు పాపం. పెండ్లాం పిల్లోల్లు ఉండారో లేరో... ఆఁ, ఇంటాంటే ఏమైతాది? వానికి తెలుగు రాదులే."

మధ్యాహ్నం ఆమె తన డబ్బాలోంచి అన్నం, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి ఒక ప్లేటులో పెట్టి అతని ముందుకు తోసింది. "సాబ్, ఖానా ఖావో."

దావూద్ తిన్నాడు. రెండో ముద్దకి కళ్లు తడిశాయి. "అచ్ఛా హై," అన్నాడు, తల ఎత్తకుండా. ఆమె కంగారుగా నీళ్లిచ్చి మళ్లీ ఫోన్ అందుకుంది. "కారం తట్టుకోలేకపాయనే! కండ్లల్లో నీళ్లు బెట్టుకున్న్యాడు!"

ఆ సాయంత్రం సర్వే రిపోర్టు రాస్తూ, 'ఏ రేవూ తాకకుండా ఎంత దూరమైనా పోగలదు' అన్న వాక్యం దగ్గర తన గురించే రాస్తున్నట్టనిపించి పెన్ను పక్కన పెట్టాడు. ఎవరైనా దావూదూ అని పిలిస్తే బాగుండునని గట్టిగా అనిపించింది. పిలిచేవాళ్లెవరూ లేరు. మళ్లీ పెన్ను తీసుకుని లూలువా కొనమని సిఫార్సు చేశాడు. అబద్ధం కాదు, నిజంగానే మంచి పడవ. పైగా ఒకటే ఇంజన్ ఉన్నదాన్ని ఆపాలంటే ఒక్కదాన్నే ఆపాలి. ఇంజన్ గదిలో నిప్పంటుకుంటే లాగే ఎర్రపిడి వంటగది గోడకే ఉంది. లాగితే లోపల గ్యాస్ వదులుతుంది, ఇంజన్ ఆగుతుంది, సైరన్ మోగుతుంది.

కాస్పర్ లూలువానే కొన్నాడు. బయల్దేరేది శుక్రవారం పొద్దున, ఊరంతా షికారుకెళ్లే వేళ. ఆ కబురు చెప్పిన రోజు మెహరాజ్ మామూలుగా ఇంకో మాట అడిగింది.

"మిస్టర్ అబ్బాస్, పనిమనిషి గది గడియ లోపలుంటే పీకించి బయటివైపు పెట్టించాం. అమ్మేటప్పుడు పడవ విలువ తగ్గుతుందా?"

కాస్పర్ పక్కనే ఉన్నాడు. ఆమె మాత్రం దావూద్ కళ్లలోకే చూస్తోంది. అతను మీటర్ పెట్టెలో పెట్టి మూశాడు.

"తగ్గదు మేడమ్," అన్నాడు.

అరగంటలో సాల్మియా హోటల్లో ఉన్నాడు. "సార్, నేవీ వద్దు. మెరీనాలోనే ఆపాలి. అందులో పనిమనిషి ఉంది."

"నీ రిపోర్టులో చూశాను."

"ఇంతకుముందు దొరికిపోయే పరిస్థితి వస్తే కాస్పర్ ఏం చేశాడు?"

అయ్యప్ప ఒక గ్లాసు తీసుకుని తుడవసాగాడు. "పడవ ముంచేసి తను తప్పించుకున్నాడు. సిబ్బందిని లోపల పెట్టి తాళం వేసి."

"మరి?"

"ఆర్డర్స్, అబ్బాస్. డ్రైవ్ ముఖ్యం."

"ఆమెని అందులోకి ఎక్కించింది నేను సార్!"

అయ్యప్ప చేతిలో గ్లాసు ఎప్పుడో శుభ్రమైంది, ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

శుక్రవారం మెరీనా పిల్లల కేకలతో, బొగ్గుల పొయ్యిల పొగతో కళకళలాడుతోంది. దావూద్ మీటర్ పట్టుకుని లూలువా దగ్గరికి నడిచాడు. ఆఖరి చెకింగ్ వంకతో లోపలికి వెళ్లి, తనే ఆ పిడి లాగి, సంజీవమ్మ చెయ్యి పట్టుకుని బయటపడాలని లెక్క. కాస్పర్ మెట్ల దగ్గరే అడ్డం నిలబడ్డాడు.

"చెకింగ్ నేనే చేశాను. థాంక్యూ అబ్బాస్. ఖలాస్."

తాళ్లు విప్పారు. లూలువా తన పద్ధతి ప్రకారం నిదానంగా, చప్పుడు లేకుండా కదిలింది. వంటగది కిటికీలో సంజీవమ్మ ఉల్లిగడ్డలు తరుగుతోంది. మెరీనా మూతి దగ్గర కోస్ట్‌గార్డు పడవ ఉంది. ఆమెని ఆ కిటికీలో చూస్తారు, ఫ్యామిలీ అనుకుని చెయ్యి ఊపి పంపిస్తారు. ఆ మలుపు తిరిగాక ఆమెతో పని ఉండదు. గడియ పడుతుంది.

దావూద్ ఒడ్డు వెంట పడవతో సమానంగా నడిచాడు, తర్వాత పరిగెత్తాడు. కట్ట చివరికొచ్చేశాడు. హిందీలో అరిస్తే సగం ఆమెకి అర్థం కాదు, హిందీ వచ్చిన కాస్పర్‌కి మొత్తం అర్థమవుతుంది. ఇన్నేళ్లు మూసిన నోరు తెరిచాడు.

"సంజీవమ్మక్కా! నీ ఎడంచేతి పక్క గోడకు ఎర్రపిడి ఉండాది! గట్టిగా గుంజు! నిన్ను సంపుతారు, గుంజి బయటికి ఉరుకు!"

కత్తి ఆగింది. సంజీవమ్మ నోరు తెరుచుకుని చూసింది, దయ్యం పలికినట్టు.

"ఏమంటున్నాడు వాడు?" కాస్పర్ గద్దించాడు.

మెహరాజ్ కళ్లద్దాలు సర్దుకుంది. "దీవిస్తున్నాడు. కొత్త పడవ నీళ్లలోకి వెళ్తుంటే ముంబయిలో అలా అరుస్తారు. చెయ్యి ఊపు, బాగుంటుంది."

కాస్పర్ చెయ్యి ఊపాడు. ఊపుతూ ఉండగానే ఇంజన్ ఆగిపోయింది. సైరన్ మెరీనా అంతా మోగింది. లూలువా కోస్ట్‌గార్డు పడవ ముందుకు పోయి అడ్డంగా తిరిగి ఆగింది. నిప్పు సైరన్ మోగితే వాళ్లు పడవెక్కి చూడాల్సిందే. యూనిఫాంలు కదిలాయి.

కాస్పర్ వెనక్కి దూకాడు, బుల్లి ఇంజన్ గది వైపు. ఈడ్చుకుంటూ అయినా తీసుకెళ్తుందని చెప్పింది దావూదే! కట్ట మీద నిలబడి తన నోటిని తానే తిట్టుకున్నాడు.

"తాళంచెవి!" కాస్పర్ చెయ్యి చాచాడు.

మెహరాజ్ హ్యాండ్‌బ్యాగ్ వెతికింది. తీసింది. చేతులు వణికాయో, వణికించిందో, తాళంచెవి అంచుకు తగిలి నీళ్లలో పడింది.

"అయ్యో," అంది. ఆ అయ్యో అచ్చ తెలుగు.

ఆ తర్వాత తెల్ల దిష్‌దాషా మీద సంకెళ్లు పడ్డాయి, నాలుగు దేశాల పాస్‌పోర్టులు బయటపడ్డాయి. భయపడిపోయిన పెద్దింటి ఆడమనిషిలా మెహరాజ్ ఒడ్డుకు దిగి, దావూద్ పక్కనుంచి పోతూ అతని మీటర్ పెట్టెలో ఒక లిప్‌స్టిక్ గొట్టం జారవిడిచింది. లిప్‌స్టిక్ ఉండాల్సిన చోట వేలెడంత డ్రైవ్ ఉంది.

"ఇగ పట్టుకో," అంది పెదవులు కదపకుండా. "గంత గట్టిగ ఒర్రుతరా ఎవలన్న?"

"హైదరాబాదా మీది?"

"పాతబస్తీ. తెలుగు ఇని శాన దినాలైంది. జర మంచిగనిపిచ్చింది." అబాయా సవరించుకుని జనంలో కలిసిపోయింది. దావూద్ ఆమెని మళ్లీ చూడలేదు.

సంజీవమ్మ బెంచీ మీద నీళ్ల సీసా పట్టుకుని కూర్చుంది. అయ్యప్ప మనుషులు వచ్చి ఆమెని భద్రంగా తీసుకెళ్తారు. ఆలోగా దావూద్ వెళ్లి పక్కన కూర్చున్నాడు. ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

"యా ఊరు నీది?"

"రాయచోటక్కా. పేరు దావూద్."

"నీ నోట్లో మన్ను బొయ్య! ఇన్నాళ్లూ మూగోని మాదిరి కూచ్చోని నా ఫోన్ మాటలన్నీ ఇంటాంటివా?" కొట్టడానికన్నట్టు చెయ్యెత్తి, అతని భుజం మీద పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది. "దావూదూ, ఆ పొద్దు ఊరిబిండి తిని ఏడిస్తివే... కారానిక్కాదా?"

"కాదక్కా."

ఆమె అతని భుజం మీది చెయ్యి తియ్యలేదు.

చేపల హోటల్లో అయ్యప్ప లిప్‌స్టిక్ గొట్టం జేబులో వేసుకుని టికెట్ ముందు పెట్టాడు. "మెరీనా మధ్యలో తెలుగులో అరిచిన ముంబయివాణ్ని ఇక్కడ ఉంచలేను. సాయంత్రం ఫ్లైట్. ఆర్డర్స్ తప్పావు కాబట్టి మెచ్చుకోను."

"సరే సార్."

అయ్యప్ప మళ్లీ ఒక గ్లాసు అందుకున్నాడు. "ఊరికే అడుగుతున్నాను. ఆ మూడింట్లో, నువ్వయితే ఏది కొంటావ్?"

దావూద్ లేచి మీటర్ భుజానికి తగిలించుకున్నాడు.

"పనిమనిషి గదికి గడియ లోపలివైపున్నది సార్. మిగతా మెరిట్స్ తర్వాత చూసుకోవచ్చు."