అవ్వ అడిగిన ప్రార్థన

ఆళ్లగడ్డ బస్టాండులో సాయంత్రం నంద్యాల బస్సు కదలబోతుండగా, కిటికీ పక్క సీట్లో ఉన్న అమ్మాయి కళ్లు మూసుకుంది. పక్కన కూర్చున్న అభిలాష్ ఆమె నిద్రపోతోందనుకున్నాడు.

"టికెట్ తీసుకోని పండుకోండి. కండక్టర్ వస్తాండాడు."

ఆమె కళ్లు తెరవలేదు. ఆగమన్నట్టు చెయ్యి మాత్రం ఎత్తింది. కాసేపటికి "ఆమెన్" అని ఇటు తిరిగింది.

"ప్రార్థన చేస్తాంటే నడమ మాట్లాడతారా ఎవురన్నా?"

"బస్సెక్కినందుకు ప్రార్థనా?"

"అందరం క్షేమంగా దిగల్లని. మిమ్మల్ని గూడా కలిపే చేసినా."

"నేనెవురో తెలీకుండానే?"

"ఆయనకు తెలుసు గదా."

ఆమె పేరు షాలిని. ఊరు నంద్యాల, ఆళ్లగడ్డలో ఒక స్కూల్లో టీచర్. దిగి వెళుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. వెనక్కి చూడకుండా వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ ఈ లోకంలో. చూసిన మనిషిని మరిచిపోవడం కష్టం.

అభిలాష్ వాళ్లది ఆళ్లగడ్డలో విత్తనాల అంగడి. ఆ రోజు నుంచి అతనికి నంద్యాలలో సరుకు పనులు ఎక్కువయ్యాయి. కొన్నాళ్లకు అంగట్లో బస్తాలు పెట్టడానికి చోటు లేకపోయింది. సంగతి వాళ్లమ్మకు అప్పుడే అర్థమైంది. "నిన్ను చూసుకునే పిల్లయితే చాలు, పోయి అడుగుపో" అంది.

షాలిని సరేనన్నాక అతను నంద్యాల వెళ్లి అడిగాడు. ఆమె తండ్రి ఫిలిప్ విని, "మా అమ్మ సరే అంటే నాకు అడ్డం లేదప్పా" అన్నాడు. తల్లి లేని షాలినిని పెంచింది ఆమే, లూదియవ్వ.

అవ్వ చీర కొంగు నలుపుతూ అంది.

"నా కూతురు ప్రమీలను ఇట్లే బయటోళ్లకు ఇచ్చినాం నాయనా. ప్రార్థనకు కండ్లు మూసుకుంటే ఆడ నవ్వినారంట. క్రిస్మస్ పండగకు పంపలేదు. ఆమీద మాటలే తెగిపోయినాయి. దీన్ని గూడా పోగొట్టుకోలేను. నీ దేవుండ్లు నీకుండారు, కాదనను. దీనికి భయమేసినప్పుడు పక్కన నిలబడి రెండు మాటలు ప్రార్థన చేయగలవా? ఆదివారం వచ్చి చెయ్యి. ఆమీద చెప్తా."

మరుసటి సాయంత్రం ఇద్దరూ ఎక్కిన నంద్యాల బస్సు శిరివెళ్ల దగ్గర చెడిపోయింది. వానకు షెల్టరు కిందికి పరిగెత్తి, ఇద్దరూ అక్కడే పాఠం మొదలుపెట్టారు.

"ముందు స్తోత్రం చెప్పల్ల. ఆమీద తప్పులు ఒప్పుకోవల్ల. కడాకు కావాల్సింది అడగల్ల."

"మా అంగడికొచ్చేటోళ్లూ అంతే. బాగుండావా అన్నాకనే విత్తనాలు అడుగుతారు."

"అట్లనే అనుకో. మాటలు మాత్రం నీవే ఉండల్ల."

"తప్పు చెప్తే?"

"ఆయనేమీ అనుకోడు. నవ్వేది నేనే."

వాన జల్లు ఆమె ముంగురుల మీద పడుతుంటే అభిలాష్‌కు పాఠం సగమే వినిపించింది. తన మాటల మీద అతనికి నమ్మకం లేదు. ఫోన్లో ఎవరో పాస్టరుగారి ప్రార్థన వెతికి పట్టుకుని, రాత్రీ పగలూ బట్టీ పట్టాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నలుగురూ నడింట్లో కూర్చున్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. అభిలాష్ గొంతు సవరించుకున్నాడు.

"సర్వోన్నతుడవైన మా పరలోకపు తండ్రీ, నీ పరిశుద్ధ నామమునకు స్తోత్రములు..."

ఫిలిప్ తల ఊపాడు.

"నేడు మేము ప్రవేశించుచున్న ఈ నూతన గృహమును, దీని ద్వారబంధములను ఆశీర్వదించుము..."

షాలిని చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. అవ్వ కళ్లు తెరవకుండానే అంది.

"ఇది మా మామ కట్టిన ఇల్లు నాయనా. వానొస్తే కారతాది."

తను బట్టీ పట్టింది కొత్త ఇంటి ప్రార్థన అని అభిలాష్‌కు అప్పుడు తెలిసింది. మిగిలిన మాటలన్నీ ఎగిరిపోయాయి. ఒక కన్ను తెరిచి చూశాడు. ఎవరూ లేవలేదు. ముగ్గురూ ఇంకా కళ్లు మూసుకునే ఉన్నారు, అతని కోసం.

"తండ్రీ... నాకు ఇది రాదు," అన్నాడు మెల్లగా. "నేనెవురో తెలీకుండానే ఈమె నా కోసం నిన్ను అడిగింది. దానికి థాంక్స్. తల్లి లేని బిడ్డను అవ్వ ఇంతదాన్ని చేసింది. దానికీ థాంక్స్. అవ్వ భయపడతాంది. ఆ భయం తీసెయ్యి. షాలినిని ఈ ఇంటికి దూరం చెయ్యను. ఆదివారం ఆదివారం నేనే తోడొస్తా. ఆ ప్రమీలమ్మ యాడుందో... ఆమెను గూడా ఈ ఇంటికి..."

మాట అక్కడే ఆపేశాడు. ప్రార్థన ఎట్లా ముగించాలో కూడా అతనికి తెలియదు.

అప్పుడు అతని చేతి మీద అవ్వ చెయ్యి పడింది. అతను ఆపిన చోటి నుంచి ఆమె అందుకుంది.

"...తీసుకురా తండ్రీ. ఈ బిడ్డ అడిగిందే నేనూ అడుగుతాండా. నా మనవరాలినీ నా మనవడినీ నీ చేతిలో పెడతాండా. పోగొట్టుకున్న దాన్నే తలుచుకుంటాంటి. నువ్వు ఇంకొకరిని పంపిస్తివి. నీకు స్తోత్రం. యేసు నామంలో అడుగుతాండాం."

"ఆమెన్" అన్నాడు ఫిలిప్. అభిలాష్ ఆలస్యంగా అన్నాడు. షాలిని చున్నీతో కళ్లు తుడుచుకుంటోంది.

అవ్వ అతని చెయ్యి వదలలేదు.

"పా, అన్నం తిందువు. మీ అమ్మానాయన ఎప్పుడొస్తారో తింటా చెప్పు."