నల్లగొంగడి కనబడే తెర

"బస్సుల ఎవడన్న సంచి కోస్తే ఎట్లనే బిడ్డా? కొన్నంక గా ల్యాప్‌టాప్ ఇంటికొచ్చి తెరుచుకోకపోతే? మీ బాపు దుకాణంల నలుగురి ముందట దిగ్గున లేచి బయటికి పోతే?..."

ఇంకా పొయ్యి కూడా అంటించలేదు. బీరమ్మకు అప్పుడే నూరు భయాలు! నడుముకు చుట్టి కట్టుకున్న డబ్బు మూటను కొంగు పైనుంచి మళ్ళీ ఒకసారి తడిమి చూసుకుంది. రాత్రంతా కన్ను మూసింది లేదు. మోకాళ్ళు గుంజుతున్నాయి, తల దిమ్ముగా ఉంది. పాలమూరు దాకా బస్సులో పోవాలంటేనే సగం ప్రాణం పోతుంది.

"అమ్మా, ఇంక బస్సే ఎక్కలే. జర ఊపిరి తీస్కో," అంది సుహాసిని జడ వేసుకుంటూ. ఆ మాటలో విసుగు లేదు. విసుక్కునే ఓపిక కూడా లేనంత అలసట ఉంది. ఇరవై మూడేళ్ళ పిల్లకు అంత అలసట ఎక్కడినుంచి వచ్చిందో తల్లికి తెలుసు. తెలిసే నోరు మూసుకుంది... ఏడు నెలలుగా!

సుహాసిని పెళ్ళి ఫోటోలు సరిచేసి ఆల్బమ్‌లు తయారుచేస్తుంది. కొల్లాపూర్ స్టూడియో ఆయన పెన్‌డ్రైవ్‌లో ఫోటోలు పంపితే, ఇంట్లోనే కూర్చుని చీకటిగా ఉన్నవాటికి వెలుగు పోస్తుంది, వంకరగా ఉన్నవాటిని సరిచేస్తుంది. ఆమె చేతిలోని పాత ల్యాప్‌టాప్ తెర ఒక పక్క పచ్చబడిపోయింది. పోయిన నెలలో ఒక పెళ్ళికూతురి ఆకుపచ్చ చీర ఆల్బమ్‌లో నీలంగా అచ్చయి వచ్చింది. వాళ్ళు ఆల్బమ్ తెచ్చి స్టూడియో బల్ల మీద పడేసి పోయారు. "మంచి ల్యాప్‌టాప్ కొనుక్కో తల్లీ, లేకపోతే సోమవారం నుంచి పట్నం పోయి మావాళ్ళ స్టూడియోలో చెయ్యి. అక్కడ మిషన్లున్నయి, హాస్టల్ ఉంది," అన్నాడాయన.

పట్నం! ఆ మాట వినగానే బీరమ్మకు కొత్త భయాలు పట్టుకున్నాయి. హాస్టల్ తిండి, రోడ్ల మీద బండ్లు, ఎవరు ఎటువంటివాళ్ళో... కానీ అంతకన్నా భయపెట్టింది కూతురు పెట్టిన షరతు.

"బాపు నాతోటి, తన నోటితోటి, 'తీస్కో' అంటెనే కొంటనమ్మా. నాతోటి మాట్లాడని మనిషి ఇంట్ల, కొత్త ల్యాప్‌టాప్ ముందటేసుకోని ఎట్ల కూసుందు? అనకపోతే సోమవారం పట్నం బస్సు ఎక్కుత."

అవును, పర్వతాలు ఏడు నెలలుగా కన్నకూతురితో ఒక్క మాట మాట్లాడలేదు!

అంతకుముందు ఎట్లా ఉండేవాడు ఆ మనిషి! గొర్రెల మంద తోలుకుని ఇల్లు చేరగానే, కాళ్ళు కూడా కడుక్కోకుండా "తిన్నవా బిడ్డా?" అని అడిగేవాడు. ఇప్పుడు అన్నం ముందు కూర్చుని గోడవైపు చూస్తూ, "ఆమె తిన్నదా?" అని పెళ్ళాన్ని అడుగుతాడు. ఆమె! కన్నకూతురు "ఆమె" అయిపోయింది!

అంతా అతని తమ్ముడి బిడ్డ మనీష పెళ్ళి ఆల్బమ్ దగ్గర మొదలైంది. పెళ్ళినాడు పర్వతాలు కొత్త తెల్లచొక్కా వేసుకుని, భుజం మీద నల్లగొంగడి వేసుకుని వచ్చాడు. అది మామూలు గొంగడి కాదు. అతని తల్లి గోవిందమ్మ నల్లగొర్రెల ఉన్నిని తన చేత్తో వడికి, కన్నుమూసే ముందు నేయించి ఇచ్చిన గొంగడి. కురుమ పెద్దమనిషి భుజం మీద గొంగడి లేకుండా పెళ్ళిపందిట్లోకి వస్తాడా? గర్వంగా, గొంగడి కొసను పిడికిట పట్టుకుని, వియ్యాలవారి పక్కన నిలబడి ఫోటో దిగాడు.

ఆల్బమ్ పని సుహాసినికే వచ్చింది. ఆ ఫోటో చూసినప్పటినుంచి బీరమ్మకు ఒకటే దిగులు. మగపెళ్ళివారు పట్నంలో ఉద్యోగాలు చేసేవాళ్ళు. రేపు వాళ్ళింట్లో ఆల్బమ్ తిప్పుతూ ఎవరైనా నవ్వితే? 'మీ పెదనాయిన గొర్లు కాస్తడా' అని మనీషను చులకన చేస్తే?

"ఆ గొంగడి తీసెయ్ బిడ్డా," అంది.

"బాపు చూస్తే చస్తడమ్మా! నాతోటి కాదు."

"నా మీద ఒట్టు! పిల్ల కాపురం మీదికొస్తదే! ఎవలకు తెలుస్తది? చొక్కా తెల్లగ కనబడేటట్టు చెయ్యి, అయిపాయె." అని ఏడ్చి, బతిమాలి, ఒట్టు పెట్టి చేయించింది.

పచ్చబడిన తెర మీద సుహాసినికి కనబడలేదో, కళ్ళనిండా నీళ్ళుండి కనబడలేదో... గొంగడి పోయింది కానీ పిడికిలి మిగిలిపోయింది. తమ్ముడింట్లో బంధువులంతా కూర్చుని ఆల్బమ్ తిప్పుతుంటే, ఒక ముసలాయన పకపకా నవ్వాడు. "ఏం పట్టుకున్నవుర పర్వతాలూ? గాలి పట్టుకున్నవా?"

పర్వతాలు ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. వట్టి భుజం... వట్టి పిడికిలి. "గొంగడి ఎవరు తీసిండ్రు?" అన్నాడు.

సుహాసిని ఒక్క క్షణం తల్లివైపు చూసింది. ఆ చూపు బీరమ్మ గుండెలో ఇప్పటికీ గుచ్చుకునే ఉంది! పిల్ల తల దించుకుని, "నేనే బాపు," అంది.

ఆరోజు నుంచే ఈ మౌనం. ఆ గొంగడి కూడా ఇంట్లో దండెం మీదే ఉండిపోయింది. మంద వెంట పోయేటప్పుడు కూడా పాత దుప్పటే కప్పుకుంటున్నాడు. నిజం చెప్పాలని బీరమ్మ ఎన్నిసార్లు అనుకోలేదు! చెబితే ఇల్లు రెండవుతుందేమో, తనతో కూడా మాట్లాడడం మానేస్తాడేమో, ఆ కోపంలో గుట్ట మీదికి పోయి తిరిగి రాడేమో... ఒకదాని మీద ఒకటి భయాలు ముసురుకుని నోరు కట్టేశాయి.

బస్సులో ముగ్గురూ మూడు చోట్ల కూర్చున్నారు. డ్రైవర్ వెనుక పర్వతాలు, కిటికీ పక్కన సుహాసిని, నడుమ బీరమ్మ.

"టికెట్లు మూడు ఒక్కదిక్కే. మనుషులు మాత్రం తలో దిక్కా! కొట్లాడి వస్తున్నరా అక్కా?" అని కండక్టర్ నవ్వాడు.

బీరమ్మ కూడా నవ్వబోయింది. నవ్వు రాలేదు. నాగర్‌కర్నూల్ దాటాక పర్వతాలు వెనక్కి తిరిగి నీళ్ళ సీసా చాపాడు. "ఆమెకు దూప అయితాందేమో అడుగు."

రెండు సీట్ల వెనుక కూర్చున్న కూతురికి ఆ మాట వినబడింది. తల కిటికీకి ఆనించి కళ్ళు మూసుకుంది.

పాలమూరులో రెండు దుకాణాలు తిరిగి, మూడోదానికి చేరేసరికి బీరమ్మ కాళ్ళు మొద్దుబారాయి. దుకాణం ఆయన పేరు మల్లికార్జున్. మాటకారి.

"రా చెల్లె, కూసోండి అక్కా. పెద్దమనిషీ, గా తలుపు కాడనే నిలబడ్డవేంది? లోపటికి రా, ఇక్కడెవలం కరవం!"

పర్వతాలు రెండడుగులు లోపలికి వేసి ఆగిపోయాడు.

మొదటిదాన్ని తెరవగానే అక్షరాల కింద ఎర్రగా, నీలంగా లైట్లు వెలిగాయి. "గిదైతే పోరగాండ్లు ఎగబడి కొంటున్నరు!" అన్నాడు మల్లికార్జున్.

"కాలిపోతాందా ఏందే గది?" అని బీరమ్మ ఉలిక్కిపడింది.

"ఆటలాడేటోళ్ళది అమ్మా. నాకు లైట్లెందుకు," అని సుహాసిని సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసింది. "అన్నా, ఇవి ఎంత ఉరుకుతయో తర్వాత చూస్త. ముందుగాల నాకు తెర చూడాలె. తెర రంగు నిజం చెప్పాలె. తెర అబద్ధం చెప్తే, నేను చేసే ఫోటో గూడ అబద్ధమే అయితది."

"ఏ ఫోటో పెట్టి చూస్తవు? పూలా, నెమలా? నా కాడున్నయి."

"లేదన్నా. నా కాడొకటుంది."

తెర మీద ఫోటో తెరుచుకుంది. బీరమ్మ నడుము దగ్గరి మూటను గట్టిగా పట్టుకుంది!

మనీష పెళ్ళి ఫోటో అది. ఆల్బమ్‌లోది కాదు, అసలుది. తెల్లచొక్కా, భుజం మీద నల్లగొంగడి, కొసను పట్టుకున్న పిడికిలి... పర్వతాలు! పిల్ల ఆ ఫోటోను పారేయలేదు. ఏడు నెలలుగా పదిలంగా దాచుకుంది!

"నలుపే కష్టమన్నా," అంటోంది సుహాసిని, తండ్రివైపు చూడకుండా. "పూలు ఏ తెర మీదైన ముద్దుగనే కనబడుతయి. నల్లగొంగడి మాత్రం మంచి తెర మీదనే కనబడుతది. చూడున్రి, దీని మీద బొగ్గు కుప్ప లెక్కుంది. పోగే తెలుస్తలేదు."

రెండోది వెండిలా మెరుస్తూ పలుచగా ఉంది. దాని తెరను కొంచెం పక్కకు వంచగానే గొంగడి బూడిదరంగులోకి తిరిగింది. సుహాసిని తల అడ్డంగా ఊపింది. మూడోది లావుగా, వన్నె లేకుండా ఉంది. "గిది ఎవలూ అడగరు చెల్లె, చూపుకు బాగలేదని," అంటూనే తెరిచాడు మల్లికార్జున్. పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించిన ఆ ఫోటోయే మూడింటి మీదా. ముగ్గురు పర్వతాలు బల్ల మీద వరసగా నిలబడ్డారు.

నాలుగో పర్వతాలు తలుపు దగ్గర కదలకుండా ఉన్నాడు.

సుహాసిని వెనక్కి తిరిగింది.  "బాపు... వీట్ల ఏది తీస్కోవాలె?"

పర్వతాలు పెదవులు కదిలాయి. కానీ చూపు భార్యవైపు తిరిగింది. "ఆమెకు ఏది ఇష్టమైతే గది తీస్కొమ్మను."

అంతే! సుహాసిని ముఖంలో మిగిలిన ఆ కాస్త వెలుగూ ఆరిపోయింది. మెల్లగా చెయ్యి చాపి మూడోదాన్నుంచి పెన్‌డ్రైవ్ తీసింది. "వద్దన్నా. లోపట పెట్టున్రి. మీకు తిప్పల పెట్టిన, ఏమనుకోకున్రి. అమ్మా, పోదాం పా."

"ఆగు బిడ్డా!"

ఆ కేక తనదేనని బీరమ్మకు వెంటనే తెలియలేదు.  ఇన్నాళ్ళూ తాను భయపడినవన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. అవన్నీ జరిగినా సరే... ఈ పిల్ల తల దించుకుని పట్నం బస్సు ఎక్కడం మాత్రం చూడడం తనవల్ల కాదు!

"దానిది తప్పు కాదు! నేను తీయమన్న!" అంది బీరమ్మ. "గొంగడి తీయమన్నది నేను! పట్నపోళ్ళు నవ్వుతరని, మనీషను ఏమన్న అంటరని... బిడ్డ వద్దనే అన్నది. బాపు చూస్తే చస్తడమ్మా అన్నది! నేనే ఒట్టేసి చేయించిన. గా రోజు అందరి ముందట అది నా పేరు చెప్పలే. ఏడు నెలలు నీ కోపం అది మోసింది, నేను చూసుకుంట కూసున్న! ఏమన్న అనేదుంటే నన్నను. కొట్టు, ఇంట్ల నుంచి పొమ్మను... దాన్ని మాత్రం ఒక్కపారి బిడ్డా అని పిలువు!"

మల్లికార్జున్ చేతిలోని తుడిచే గుడ్డను అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. సుహాసిని తల్లి భుజం పట్టుకుంది. 

 బీరమ్మ పర్వతాలు ముఖంలోకి చూడలేక అతని చేతులకేసి చూసింది. అతని చెయ్యి ఎడమ భుజం మీదికి పోవడం కనబడింది. అలవాటుగా గొంగడి కొస కోసం వెతికిందా చెయ్యి. అక్కడ ఏమీ లేదు. వట్టి చొక్కా మీద పిడికిలి బిగుసుకుని, విడిపోయింది. ఆల్బమ్‌లో ఉన్నట్టే!

బయట ఆటోల హారన్లు మోగుతున్నాయి. లోపల ఫ్యాన్ తిరుగుతోంది. ముట్టుకునేవాళ్ళు లేక తెరలు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. మల్లికార్జున్ చప్పుడు చేయకుండా వేలితో తట్టి వాటిని మళ్ళీ వెలిగించాడు. పర్వతాలు వెళ్ళిపోతాడేమో... అయిపోయింది, ఇప్పుడు తలుపు తీసుకుని వెళ్ళిపోతాడు... అనుకుంటూ బీరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

చెప్పుల చప్పుడు వినబడింది. దూరం పోవడంలేదు. దగ్గరికొస్తోంది.

కళ్ళు తెరిచేసరికి పర్వతాలు బల్ల ముందు వంగి ఉన్నాడు. సంతలో గొర్రె పళ్ళు చూసేటప్పుడు ఎంత దీక్షగా చూస్తాడో, అంత దీక్షగా ఒక్కో తెరనూ చూస్తున్నాడు. మొదటిదాన్ని చూశాడు. రెండోదాన్ని చూశాడు. ఎవరూ అడగని ఆ మూడోదాని దగ్గర ఆగాడు. మోటువేలు తెరకు తగలకుండా, గొంగడి అంచు వెంబడి గాల్లో మెల్లగా నడిచింది.

"గా రెండిట్ల నలుపంత ఒక్కతీరుగుంది," అన్నాడు.  "నల్లగొర్రె ఉన్ని ఒక్కతీరుగుండదు. ముసలిదాని ఉన్ని ఎరుపు తేల్తది. పిల్లది నిగనిగలాడ్తది. నన్ను గన్న అవ్వ రెండు కలిపి వడికింది. గిండ్ల... రెండు కనబడుతున్నయి."

 పర్వతాలు నడుము నిటారుగా చేసి, ఏడు నెలల తర్వాత, కూతురి కళ్ళలోకి చూశాడు.

"గిది తీస్కో బిడ్డా."