అక్క చెప్పని మాత్ర

ఉదయం ఆరున్నరకి అక్క అద్దం ముందు నిలబడి, కుడి కంటి పైరెప్పను వేలితో ఎత్తిపట్టి, దానిమీద సన్నటి ప్లాస్టర్ ముక్క అంటించుకుంటోంది. చెల్లెలు లంచ్‌బాక్సు మూత బిగిస్తూ ఆ గదిలోకి తొంగి చూసింది.

"రెప్పల ఆపరేషన్‌కి వెళ్తూ కూడా ఆ ప్లాస్టర్ ఎందుకక్కా?"

"మెట్లు దిగాలిగా," అంది అక్క.

భర్త పోయాక అక్క చెల్లెలి ఇంటికొచ్చి ఎనిమిదేళ్ళయింది. ముందుగదిలో మిషను వేసుకుని ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం ఆమె పని. ఏడు నెలల కిందట గుండెలో స్టెంట్ వేశారు. అప్పుడు ఆసుపత్రిలో నాలుగు రాత్రులు కుర్చీలో కూర్చున్నది చెల్లెలే. బడిలో లెక్కలు చెప్పి, ఇంటికొచ్చి ట్యూషన్లు చెప్పి, ఆ పైన వంట. ఈమధ్య ఆమెకి నిద్ర లేవడమే ఒక పనిలా అనిపిస్తోంది.

బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి.

"సెలవు ఇచ్చారా?" అక్క అడిగింది.

"ఇచ్చారు. మీ అక్కగారికి ఈ వయసులో కళ్ళ సొగసు దేనికండీ అని హెడ్మాస్టారు అడిగాడు కూడా."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? నాకూ తెలీదన్నాను."

అక్క కిటికీ వైపు తిరిగింది.

ఆసుపత్రిలో నర్సు కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే అడిగింది. షుగరు ఉందా? కళ్ళు పొడిబారుతుంటాయా? రోజూ ఏమైనా మాత్రలు వేసుకుంటారా?

"ఏం లేవమ్మా," అంది అక్క.

"అదేంటక్కా, గుండెకి..." అనబోయింది చెల్లెలు. బల్ల కింద అక్క ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది.

నర్సు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, లేచి వెళ్ళి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. "పోయినసారి కూడా లేవనే చెప్పారు. నిజం చెప్పండి."

అక్క చీరకొంగు మడతపెడుతూ, నెమ్మదిగా చెప్పింది. రక్తం పలచబడే మాత్రలు రెండు వేసుకుంటుంది. అవి వేసుకునేవాళ్ళకి ఆపరేషన్ వాయిదా వేస్తారని బట్టలివ్వడానికి వచ్చిన ఒకావిడ చెప్పింది. అందుకే నాలుగు రోజులుగా మానేసింది.

"ఎవర్ని అడిగి మానేశారు?"

"ఎవర్నీ అడగలేదు."

డాక్టరమ్మ కోప్పడలేదు. "చూడండమ్మా, ఆ మందు ఒంట్లో ఉందని నాకు తెలియకుండా రెప్ప కోస్తే, కంటి వెనక రక్తం చేరి చూపు పోయే ప్రమాదం ఉంది. మీ అంతట మీరు మానేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. ఆపాలో వద్దో, ఎప్పుడు ఆపాలో మీ గుండె డాక్టరు చెప్పాలి. వెల్లుల్లి గొట్టం మాత్రలు, చేపనూనె మింగుతున్నా అదీ నాకు చెప్పాలి." ఆమె అక్కడే గుండె డాక్టరుకి ఫోన్ చేసి మాట్లాడింది. మాత్రలు వెంటనే మొదలుపెట్టాలి. ఇవాళ ఆపరేషన్ లేదు. ఆయన సరేనన్నాకే.

వరండాలోకి రాగానే చెల్లెలి ఓపిక తెగిపోయింది.

"నన్నేం చేద్దామని అక్కా? నీకేమైనా అయ్యుంటే? కాస్త సొగసు కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా? ఇంకోసారి సెలవెక్కణ్ణుంచి తెచ్చేది నేను?"

"అందుకే చెప్పలేదే," అంది అక్క. "వాయిదా పడితే మళ్ళీ సెలవు అడగాలి. అడిగొచ్చిన రోజు నువ్వు చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూలబడతావు. అది చూడలేక."



వెనకే వచ్చిన డాక్టరమ్మ ఫైలు తెరిచి చూపు పరీక్ష కాగితం చెల్లెలి చేతికిచ్చింది. "ఇది సొగసు కోసం కాదండీ. ఇది మీ అక్కగారి చూపు." గుండ్రటి బొమ్మలో పైసగం నల్లగా ఉంది. రెప్పల చర్మం సాగి కంటిపాప మీదికి జారితే పైనున్నదేదీ కనబడదట. ఈ పరీక్ష చేసినరోజు చెల్లెలు బయట బెంచీ మీద ఆన్సర్ పేపర్లు దిద్దుకుంటూ ఉండిపోయింది. అక్క గడ్డం పైకెత్తి మాట్లాడితే పెద్దరికం చూపిస్తోందనుకుని ఎన్నిసార్లు విసుక్కుందో గుర్తొచ్చింది.

చెల్లెలు అక్క పక్కన బెంచీ మీద కూర్చుని ఆమె భుజం మీద తల ఆనించింది. ఎవరి అలసట ఎవరిదో చెప్పడం కష్టం.

ఐదు నెలలకి గుండె డాక్టరు ఒప్పుకున్నాడు. ఈసారి మాత్రల పట్టీలన్నీ చెల్లెలే సంచిలో వేసి నర్సు ముందు పోసింది. ఆపరేషన్ అయ్యాక వారం రోజులూ అక్కను వంగనివ్వలేదు, బరువెత్తనివ్వలేదు, మిషను మీద దుప్పటి కప్పేసింది.

కుట్లు విప్పిన రోజు కళ్ళ చుట్టూ కమిలిన నీలం ఇంకా పోలేదు. అక్క కుర్చీలో కూర్చునే, గడ్డం ఎత్తకుండా, ఎదురుగా నిలబడ్డ చెల్లెల్ని తిన్నగా చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

"ఏంటక్కా, సరిగ్గా కనబడట్లేదా?"

"కనబడుతోందే," అంది అక్క. "ఇంత నెరిసిపోయావేంటే? నాకు చెప్పనేలేదు."