నెర్రె బిస్కెట్లు

త్రివేణి స్టీలు డబ్బా తెచ్చి బేకరీ బండ మీద ఠక్కున పెట్టింది. అది తాడిపత్రి బండ. ముప్పై ఏళ్ళుగా ఎన్ని దెబ్బలు తిన్నా చెక్కు చెదరలేదు. దాని వెనక నిలబడ్డ ఓబిలేషు గుండె మాత్రం అంత గట్టిది కాదు.

"ఇవి ఎందుకు పగల్లేదో చెప్పు," అంది.

పన్నెండేళ్ళ తర్వాత ఎదురుపడిన మనిషి మొదటి మాట ఇది! బాగుండావా లేదు, గుర్తుపట్టినావా లేదు. ధర్మవరం వాళ్ళు అంతేలెండి. సూటిగా విషయంలోకి వచ్చేస్తారు, కుశలం తర్వాత గుర్తొస్తే అడుగుతారు.

ఓబిలేషు మూత తీశాడు. లోపల డజను వెనిల్లా బిస్కెట్లు, తెల్లగా, చదునుగా, నున్నగా. ఒక్కో దాని నడుమ చిన్న గుంట. ఆ గుంటను చూడగానే అతని చెవులు వేడెక్కాయి. అది నాడె కొన నొక్కిన గుర్తు. మగ్గం మీద పోగు అటూ ఇటూ మోసే నాడె. ఊళ్ళో ఎంతమంది నేతగాళ్ళున్నా, బిస్కెట్ల మీద ఆ గుర్తు వేసేది మాత్రం ఆంజినమ్మవ్వ ఇంటివాళ్ళే.

ఈ గుర్తుల సంగతి ఇప్పటి పిల్లలకు తెలియదు, చెప్పాలి. ఒకప్పుడు ఎండాకాలం సెలవులు రాగానే ఇంటింటి నుంచి మైదా, చక్కెర, వెన్న మోసుకుని ఓబిలేషు నాయన తిప్పన్న బేకరీకి వచ్చేవాళ్ళు. సరుకు వాళ్ళది, కట్టెల బట్టీ తిప్పన్నది. కాల్చి డబ్బాల్లో పోసిస్తే నెలంతా పిల్లలు తినేవాళ్ళు. నాలుగిళ్ళ ట్రేలు ఒకేసారి బట్టీలోకి పోతే ఎవరివి ఎవరివో తెలియాలి కదా! అందుకే ఒకరు గాజుతో, ఒకరు సీసా మూతతో, ఒకరు దువ్వెన పళ్ళతో గుర్తు వేయించేవారు. ఆంజినమ్మ నాడె ఇచ్చేది. గుర్తు లేని బిస్కెట్టు మనది కాదు, తినకూడదు అనేది ఆమె శాసనం. ఇంటివాళ్ళు బయట బెంచీ మీద కూర్చుంటే, లోపల గుర్తులు నొక్కే పని ఓబిలేషుది.

ఆ ఆంజినమ్మ మనుమరాలే ఈ త్రివేణి. బెంగుళూరులో చదివి, అక్కడే ఐదేళ్ళు కంపెనీలో పనిచేసి, ఆ పని మీద మనసు విరిగి ఇంటికొచ్చేసింది. ఒక చిన్న కరెంటు ఓవెన్ కొనుక్కుంది. ఇంట్లోనే బిస్కెట్లు చేసి అమ్ముతానంది. వీధంతా నవ్వింది. ఆమె చేయాలనుకున్న మొదటి సరుకు, చిన్నప్పుడు ఈ బట్టీలోంచి వచ్చిన వెనిల్లా బిస్కెట్లే. పైన చక్కెర మెరుస్తూ, వేసవిలో శింగనమల చెరువు ఎండినట్టు పైనంతా పగుళ్ళు విచ్చి, కొరికితే కరకరమని, లోపల మెత్తగా ఉండేవి. వాటికి నెర్రె బిస్కెట్లు అని పేరు పెట్టింది కూడా ఆమే.

"నువ్వు చేసియ్యొద్దు. నా చేత్తో రావాల. యాడ తప్పు పోతాండానో అది చెప్పు చాలు," అంది.

తప్పెక్కడుందో ఓబిలేషుకు మూత తీసిన క్షణమే తెలిసిపోయింది.

ఆ నడుమ గుంటే తప్పు. చక్కెరలో దొర్లించిన ఉండను ఏమీ నొక్కకుండా వేడి బట్టీలో పెడితే, పైపొర ముందు ఎండుతుంది, లోపలి పిండి తర్వాత పొంగుతుంది, అప్పుడు పైన పగుళ్ళు వస్తాయి. నాడెతో నొక్కితే ఉండ చదునైపోతుంది, ఆవిరి ఆ గుంటలోంచి పోతుంది. ఇంక పగిలేదేముంది?

మరి చిన్నప్పుడు ఎట్లా పగిలాయంటారా? ఓబిలేషు తొమ్మిదో తరగతి సెలవుల్లో ఒక మధ్యాహ్నం, బట్టీ చూస్తానని త్రివేణి కిటికీలోంచి తల లోపలికి పెట్టింది. నుదుటి మీద చెమట, ముంగురుల మీద మైదా. అంతే, పిల్లవాడు గుర్తులు నొక్కడం మరిచిపోయాడు. ట్రే బట్టీలోంచి వచ్చేసరికి బిస్కెట్లన్నీ పగుళ్ళు. తిప్పన్న కొడుకు వీపు విమానం మోత మోగించాడు. మర్నాడు త్రివేణి ఒక్కతే వచ్చి, సగం డబ్బా రాత్రికే ఖాళీ అయిందనీ, ఇంక ఎప్పుడూ ఇట్లే చేయమనీ చెప్పి పోయింది.

ఆ తర్వాత నాలుగు వేసవులు ఓబిలేషు ఆ ఇంటి బిస్కెట్లకు గుర్తు వేయలేదు. ఆంజినమ్మ ఇచ్చిన నాడెను జేబులో వేసుకునేవాడు. చివర్లో దానికి ఇంత పిండి పూసి, గుర్తు వేసినట్టే తిరిగిచ్చేవాడు. అదీ దొరగారి మొదటి ప్రేమలేఖ. ఎవరూ చదవని లేఖ.

ఇప్పుడా రహస్యం చెప్పేయొచ్చు. ఒక్క మాట. కానీ చెబితే ఆమె థాంక్స్ అని డబ్బా తీసుకుని పోతుంది. మళ్ళీ ఈ బండ దగ్గరికి ఎందుకొస్తుంది?

అందుకని మన ఓబిలేషు పిండిని ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచమన్నాడు.

మరుసటి ఆదివారం సాయంత్రం నాలుగింటికి మళ్ళీ స్టీలు డబ్బా వచ్చింది. ఈసారి పైన దొడ్డు చక్కెర అద్దమన్నాడు. మూడో ఆదివారం ఓవెన్ ఇంకా ముందుగా వేడి చేసుకోమన్నాడు. నాలుగోవారం వెన్న తగ్గించమన్నాడు. ఒక్కటీ అబద్ధం కాదు, అన్నీ పనికొచ్చే మాటలే. అసలు మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది.

ఆదివారాలు అతని చొక్కాకు ఇస్త్రీ వచ్చింది. గల్లా దగ్గర కూర్చునే తిప్పన్న అది చూసి, మైదా మూటలు మోసేవానికి ఇస్త్రీ ఎందుకప్పా అని అడిగి, మీసంలో నవ్వుకున్నాడు.

ఇద్దరూ బేకరీ మెట్ల మీద కూర్చుని, పగలని బిస్కెట్లను టీలో ముంచుకుని తినేవాళ్ళు. ఆ బెంచీ, ఆ వేసవులు, వెనిల్లా ఎసెన్స్ చిన్న సీసా మూత తీయగానే వీధి చివరి దాకా పోయే వాసన, ఎవరి డబ్బా ముందని అమ్మలక్కలు పడిన జగడాలు, అన్నీ తవ్వుకునేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ పిండి తేవడం లేదనీ, బట్టీలో బన్నులూ బ్రెడ్డే కాలుతున్నాయనీ ఓబిలేషు చెప్పాడు. తనకు బెంగుళూరులో ఎన్ని రకాల కుకీలు తిన్నా ఈ బెంచీయే గుర్తొచ్చేదని ఆమె చెప్పింది. బెంచీ ఒక్కటేనా అని అడగాలనుకున్నాడు. టీ చల్లారిపోయింది గానీ అడగలేదు.

ఒకరోజు నల్లటి మబ్బు ఒకటి వచ్చి సరిగ్గా నెత్తిమీద నిలబడింది. ఇద్దరూ ఆశగా తలెత్తి చూశారు. అది కాసేపు చూసి కదిరి దిక్కుకు జారుకుంది.

"మన ఊరికి వాన పెండ్లిచూపులకొచ్చినట్ల వస్తాది. కాఫీ తాగి, తర్వాత చెప్తామని పోతాది," అంది త్రివేణి. ఓబిలేషు పొలమారేంతగా నవ్వాడు.

ఐదో ఆదివారం ఆమె నవ్వలేదు. డబ్బా పెట్టి మూత కూడా తీయలేదు. పాత కంపెనీవాళ్ళు ఫోన్ చేశారట, ఒకటో తారీఖుకు చేరమంటున్నారట. ఆమె నాయన జయరాముడితో మొదట్లోనే ఒక ఒప్పందం ఉంది. ఉగాదిలోపల ఆ బిస్కెట్టు కుదిరితే ఇక్కడే ఉండి వ్యాపారం పెట్టుకుంటుంది, కుదరకపోతే నోరు మూసుకుని బెంగుళూరు బస్సు ఎక్కుతుంది. ఉగాది గురువారం.

"ఒక్క బిస్కెట్టు చేసేకి చేత కాని దాన్ని, నేనేం వ్యాపారం పెడతా?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడైనా చెప్పాలా వద్దా? చెప్పలేదు. ఐదు వారాలు దాచిన మాట ఒక్కసారిగా బయటికి రావడానికి మొహమాటపడింది. ఓవెన్ ఇంకో పది డిగ్రీలు పెంచి చూడమన్నాడు, మహానుభావుడు. ఆమె తలూపి వెళ్ళిపోయింది.

మూడు రోజులు ఓబిలేషుకు అన్నం సయించలేదు. బన్నులు రెండుసార్లు మాడ్చాడు. చెబితే డబ్బా రాదు. చెప్పకుంటే మనిషే ఊళ్ళో ఉండదు. ఎటు లెక్క వేసినా తనకే నష్టం. కానీ ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగింది మాత్రం తన వల్లే. అది తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

బుధవారం మధ్యాహ్నం ఎప్పుడూ లేనిది బేకరీని నాయనకు వదిలేసి, నేతవీధికి పోయాడు. ముందు గదిలో జయరాముడు మగ్గం మీదున్నాడు. గడప పక్కన ఆంజినమ్మ దారం కండెలు చుడుతోంది. ఆమె కళ్ళెత్తి చూసి, పిల్ల వంటింట్లో ఉందని గడ్డంతో చూపించింది, అడగకముందే.

త్రివేణి ట్రేలో ఉండలు పేర్చి, చేతిలో నాడె పట్టుకుని ఉంది.

"నొక్కొద్దు," అన్నాడు ఓబిలేషు.

ఆమె వెనక్కి తిరిగింది.

"నాడె పక్కన పెట్టు త్రివేణీ. గుర్తు వేయొద్దు. నువ్వు చిన్నప్పుడు తిన్నవాటికి ఒక్కదానికీ గుర్తు లేదు."

"గుర్తు లేకుండా మా అవ్వ ఇంట్లోకి రానిస్తాదా? నెర్రెల్లో కలిసిపోయి కనపడలేదు, అంతే."

"వేసుంటే గదా కనపడేకి. మొదటిసారి మరిచిపోయినా. నువ్వు కిటికీలో తల పెట్టినావు, నా చేతిలో నాడె ఉండాదని కూడా నాకు తెలీల్యా. ఆ తర్వాత నాలుగేండ్లు కావాలనే ఎగ్గొట్టినా. నీకు నచ్చినాయని."

త్రివేణి కాసేపు ట్రే వైపు చూసింది. తర్వాత అతని వైపు చూసింది. ఆ చూపుకు అతను అడుగు వెనక్కి వేశాడు.

"అయితే మొదటి దినమే తెలుసు నీకు."

"తెలుసు."

"ఐదు వారాలు నాతో మైదా తగలేయించినావు. ఎందుకు చెప్పల్యా?"

"చెప్తే నువ్వు రావు గదా."

ముందు గదిలో మగ్గం చప్పుడు ఆగిపోయింది.

త్రివేణి నాడెను గట్టు మీద పెట్టి, ట్రేను అట్లాగే ఓవెన్‌లోకి తోసి, ధడేలున తలుపు వేసింది. పన్నెండు నిమిషాలు. అతన్ని పొమ్మనలేదు, ఉండమనలేదు. ఓవెన్ అద్దం చిన్నది కాబట్టి చూడాలంటే ఇద్దరి తలలూ దగ్గరగా పెట్టక తప్పలేదు. ఎనిమిదో నిమిషానికి ఒక ఉండ మీద సన్నటి గీత పడింది. అది రెండుగా చీలింది. పక్కదాని మీద ఇంకొకటి. వెనిల్లా వాసన ఇల్లంతా నిండింది.

ట్రే బయట పెట్టాక బిస్కెట్లు చిటచిటమని సన్నగా చప్పుడు చేస్తూ చల్లారాయి. త్రివేణి ఒకటి విరిచి నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుంది. పన్నెండేళ్ళ కిందటి ఎండ, బెంచీ, అవ్వ కొంగు, కిటికీ, అన్నీ ఆ ముఖంలో వచ్చి పోవడం ఓబిలేషు చూశాడు.

"ఇదే," అంది. అంతలోనే, "నాకు నీ మీద చానా కోపముండాది. ఇంటికి పో," అంది.

అతను తలొంచుకుని బయల్దేరాడు. వంటింటి గుమ్మంలో ఆంజినమ్మ అడ్డొచ్చి, లోపలికి నడిచింది. ట్రేలోంచి ఒకటి తీసి తిరగేసి చూసింది.

"ఇరవై ఏండ్లు గుర్తు వేయించినదాన్ని, నా గుర్తు లేదని నాకు తెలీదా అప్పా? నాడెకు పిండి పూసి ఇస్తాంటివి. నొక్కితే కొనకు అంటల్ల గానీ, అంత పైకి అంటుతాదా యాడన్నా?"

మరి అప్పుడే ఎందుకు అడగలేదని త్రివేణి అడిగింది.

"ఊర్లో అందరికీ గుర్తు నొక్కి, నా మనుమరాలికి ఒక్కదానికే నొక్కడంల్యా. అడిగి ఎందుకు చెడగొట్టేది?" అని అవ్వ బిస్కెట్టు కొరికి, కండెల దగ్గరికి వెళ్ళిపోయింది. ముందు గదిలో మగ్గం మళ్ళీ మొదలైంది.

ఉగాది పోయింది. త్రివేణి బస్సెక్కలేదని తెలిసింది, అంతే. శుక్రవారం రాలేదు. శనివారం రాలేదు. రావాల్సిన పని కూడా లేదు, బిస్కెట్టు కుదిరింది కదా! ఆదివారం ఓబిలేషు ఇస్త్రీ చొక్కా వేసుకోవాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, వేసుకున్నాడు. నాలుగైంది. నాలుగుంపావు అయింది. బండను నాలుగోసారి తుడిచాడు.

అప్పుడు దిగింది ఆటోలోంచి. చేతిలో స్టీలు డబ్బా లేదు. వెనక సీటులో మైదా మూట, చక్కెర మూట, వెన్న డబ్బా ఉన్నాయి. వీధిలో ఆర్డర్లు వచ్చాయనీ, నవ్వినవాళ్ళే ముందు అడిగారనీ, ఇంటి ఓవెన్ చాలడం లేదనీ గబగబా చెప్పింది. తిప్పన్న వైపు తిరిగి, పాత పద్ధతే, సరుకు మాది, బట్టీ మీది, ఒప్పుకుంటారా మామా అని అడిగింది. మామా అన్న మాటకు తిప్పన్న ఎంత సంబరపడ్డాడంటే, మైదా మూట తనే మోసుకుపోయాడు.

త్రివేణి బండ మీద చేయి పెట్టి తీసింది. అక్కడ నాడె ఉంది. వాడి వాడి నున్నబడిన పాత నాడె.

"గుర్తు వేయకూడదు గదా. ఇదెందుకు?" అన్నాడు ఓబిలేషు.

"అవ్వ ఇచ్చి పంపింది. మా నాయనకు కూడా చెప్పే పంపింది," అంది. అతని ముఖంలోకి చూడకుండా, బట్టీ వైపు చూస్తూ అంది. "ఎప్పట్లాగే జేబులో పెట్టుకో. ఈసారి తిరిగి ఇయ్యొద్దు."

ఓబిలేషు నాడెను ఇస్త్రీ చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దానికి పిండి పూయలేదు.